ముసలి పిల్లి మొర

పదేళ్లకు పైగా ఇంట్లో ఒదిగి బ్రతికిన పిల్లి ఒక్కసారిగా మారిపోతే ఇంటిల్లిపాదికీ దాని మీద కోపం వస్తుంది. అర్ధరాత్రి వేళ ఇల్లు అదిరేలా అరుస్తుంది. ఇసుక తొట్టెలో చేయవలసిన మూత్రం జానిమాజ్ మీద చేస్తుంది. ఒళ్లో పడుకునే పిల్లి, చేయి వేస్తే గోళ్లతో గీరుతుంది. లేదా రోజంతా బీరువా వెనుక చీకట్లో నక్కి, ఎంత పిలిచినా రాదు. "దీనికి పొగరెక్కింది" అని ఒకరంటారు. "దీని మీద ఏదో సాయా పడింది" అని దాదీమా అంటారు. "గోనెసంచిలో వేసి చేపల బజారులో వదిలేస్తే సరి, అక్కడ తిండికి కొదవ ఉండదు" అని మూడోవారు తేల్చేస్తారు.

ఈ మూడు మాటలూ ఒకే ఇంటి నుండి మేము విన్నాము. మా మదర్సాకు పిల్లలను పంపే ఒక కుటుంబం వారు పిల్లి కోసం తాయెత్తు అడగడానికి వచ్చారు. దాని వయసెంత అని అడిగాము. 14 ఏళ్లు అన్నారు. ఈ మధ్య నీళ్లు ఎక్కువగా తాగుతోందా అని అడిగాము. "ఔను హజ్రత్, గిన్నె నింపిన కాసేపటికే ఖాళీ చేస్తోంది. వుజూ కోసం పెట్టిన బకెట్టులో కూడా మూతి పెడుతోంది" అన్నారు. తాయెత్తు ఇవ్వకుండా పశువైద్యుని వద్దకు పంపాము. రక్తపరీక్షలో మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు తేలింది. సాయా కాదు, పొగరు కాదు, అది జబ్బు.

ఇటువంటి పిల్లులు మన ఇళ్లలో ఇంకా ఎన్నో ఉంటాయి. అందుకే ఈ నెల ఈ సంగతిని ఎత్తుకున్నాము. మేము వైద్యులము కాము. ఇంట్లో పిల్లులను పెంచుతూ చూసినదీ, పశువైద్యులను అడిగి తెలుసుకున్నదీ చెబుతున్నాము. చెప్పదలచినది ఒక్కటే: ముసలి పిల్లి నడత మారిందంటే అది దుర్గుణం కాదు, మొర. ఆ మొర ఆలకించవలసినది ఇంటివారే.

ముందుగా "హఠాత్తుగా" అనే మాటను సరిచూసుకోవాలి. పిల్లి వేటాడే జంతువు. తనకంటే పెద్ద జంతువులకు ఆహారమయ్యే చిన్న ప్రాణి కూడా. అందువల్ల నొప్పిని దాచుకోవడం దాని స్వభావంలోనే ఉంది. కుక్కలా మూలగదు, మేకలా అరవదు. కొంచెం తక్కువ గెంతుతుంది, కొంచెం ఎక్కువ పడుకుంటుంది. మనం "వయసు మీద పడింది" అని ఊరుకుంటాము. నెలల తరబడి దాచుకున్న నొప్పి ఇక దాచలేనంతగా పెరిగిన రోజున అరుపో, గీరుడో, జానిమాజ్ మీద తడో బయటపడుతుంది. మార్పు మన కంటికి హఠాత్తు. దాని ఒంటికి కాదు.

వయసు లెక్క కూడా తెలుసుకోవాలి. పిల్లి మొదటి రెండేళ్లలోనే మనిషి 24 ఏళ్ల ఈడుకు చేరుతుందనీ, ఆపైన ప్రతి ఏడూ మనిషికి 4 ఏళ్లతో సమానమనీ వైద్యులు సుమారుగా లెక్క కడతారు. ఆ లెక్కన 14 ఏళ్ల పిల్లి 72 ఏళ్ల వృద్ధురాలు. ఇంట్లో 72 ఏళ్ల నానీమా రాత్రిపూట లేచి కేకలు వేస్తే మనం డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాము గాని, పొగరెక్కిందని అనుకోము.

ఇక ఆ మొర వెనుక సాధారణంగా ఉండే కారణాలు చూద్దాం.

మెడలోని థైరాయిడ్ గ్రంథి అవసరాన్ని మించి పనిచేయడం 10 ఏళ్లు దాటిన పిల్లుల్లో తరచుగా కనిపించే వ్యాధి. ఈ పిల్లి బాగా తింటుంది, అయినా చిక్కిపోతుంది. ఒకచోట కుదురుగా కూర్చోదు. రాత్రిళ్లు తిరుగుతూ అరుస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. "ముసలిదైనా ఎంత చురుకుగా ఉందో!" అని ఇంట్లోవారు మురిసిపోతుంటారు. ఆ చురుకే రోగం. రక్తపరీక్షతో ఇది బయటపడుతుంది, రోజూ ఇచ్చే మాత్రలతో అదుపులో ఉంటుంది.

మూత్రపిండాల జబ్బులో పిల్లి నీళ్లు ఎక్కువగా తాగుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది. తొట్టెలో ఇసుక తొందరగా తడిసిపోతుంది. పిల్లికి తడి ఇసుక గిట్టదు కనుక వేరే చోటు వెతుక్కుంటుంది. మెత్తగా, పొడిగా ఉన్న జానిమాజ్ దానికి అనువుగా దొరుకుతుంది. మధుమేహంలోనూ దాహం, మూత్రం ఇలాగే పెరుగుతాయి.

ఈ జబ్బుల వెంట రక్తపోటు పెరగవచ్చు. రక్తపోటు ఎక్కువైతే కంటి లోపలి పొర ఊడి, ఉన్నట్టుండి చూపు పోవచ్చు. అప్పుడు పిల్లి గోడలకు తగులుకుంటుంది, గుమ్మం మధ్యలో నిలబడి అరుస్తుంది. పట్టపగటి వెలుగులో కూడా కనుపాపలు పెద్దవిగా విప్పుకొని ఉంటాయి. వెంటనే వైద్యం అందితే కొన్నింటికి చూపు కొంతైనా తిరిగి రావచ్చు. ఆలస్యమైతే ఆ ఆశ ఉండదు.

కీళ్ల అరుగుదల మరొకటి. 12 ఏళ్లు దాటిన పిల్లుల్లో అత్యధిక భాగానికి ఎక్స్‌రేలో ఇది కనిపిస్తుంది. అది కుంటదు కనుక మనకు తెలియదు. కిటికీ మీదికి ఒక్క గెంతులో ఎక్కే పిల్లి ముందు కుర్చీ, తరువాత బల్ల, ఆపైన కిటికీ ఎక్కుతుంది. తొట్టె అంచు ఎత్తుగా ఉంటే దాటలేక బయటే కానిచ్చేస్తుంది. నడుము మీద చేయి వేస్తే నొప్పి పుట్టి గీరుతుంది. పంటి నొప్పి ఉన్న పిల్లి గిన్నె వద్దకు వచ్చి, వాసన చూసి, తినకుండా తిరిగిపోతుంది. చెవుడు వచ్చిన పిల్లి తన అరుపు తనకే వినిపించక గట్టిగా అరుస్తుంది.

ఇవేవీ కావని తేలిన తరువాతే మతిమరుపు మాట ఎత్తాలి. ముదిమి మీరిన మనుషులకు వచ్చినట్లే పిల్లులకూ వస్తుంది. తిన్న సంగతి మరచి మళ్లీ అడుగుతుంది, తెలిసిన గదిలోనే దారి తప్పుతుంది, గోడ వంక చూస్తూ నిలబడిపోతుంది. చూసేవారికి సాయా అనిపించేది ఇదే.

ఇంటి మార్పులు కూడా లెక్కలోకి వస్తాయి. పెళ్లి చుట్టాలు, కొత్తగా పుట్టిన బిడ్డ, బక్రీదుకు ముందు వాకిట్లో కట్టిన పొట్టేలు, రంజాన్‌లో సహరీ వేళ వెలిగే దీపాలూ వంటింటి చప్పుడూ ముసలి పిల్లిని బెదరగొడతాయి. ఇల్లు సద్దుమణిగినా దాని నడత కుదుటపడకపోతే కారణం దాని ఒంట్లోనే ఉందని గ్రహించాలి.

ఇక్కడ ఒక హదీసు గుర్తు చేయడం అవసరం. దైవప్రవక్త (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్లినప్పుడు అక్కడి ఒంటె ఆయనను చూసి మూలిగింది, దాని కళ్ల వెంట నీరు కారింది. ఆయన దగ్గరకు వెళ్లి దాన్ని నిమిరి ఊరడించారు. తరువాత యజమాని ఎవరని అడిగి పిలిపించి, ఈ జంతువు విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని మందలించారు. నీవు దీన్ని పస్తు పెడుతున్నావనీ, అలుపెరగకుండా చాకిరీ చేయిస్తున్నావనీ ఇది నాకు మొరపెట్టుకుంది అన్నారు. ఈ సంగతి అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒంటె భాష మనకు రాదు. కాని మూలుగు వినగానే ఆ జంతువును తప్పుపట్టకుండా, దాని కష్టమేమిటో యజమానిని అడగాలన్న పద్ధతి మనకు అందింది. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తనంతట తాను తినేందుకు వదలక చంపిన స్త్రీకి పడిన శిక్ష సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. పదేళ్లు ఇంటి గిన్నెలో తిన్న పిల్లిని, చూపు మందగించి కీళ్లు పట్టేసిన వయసులో, వీధికుక్కల మధ్య బజారులో విడిచిపెడితే అది కట్టివేయడం కంటే ఏ విధంగా మేలో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

జానిమాజ్ తడిసిందన్న బాధ చిన్నది కాదు. పిల్లి మూత్రం నజీస్. అందులో సందేహం లేదు. కాని దానికి పరిష్కారం నీళ్లు, గోనెసంచి కాదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండితే బట్ట పాక్ అవుతుంది. పిండలేని మందపు తివాచీ అయితే కడిగిన ప్రతిసారీ నీటి బొట్లు ఆగేదాకా ఉంచి మళ్లీ కడగాలి. ఆ తరువాత జానిమాజ్‌ను మడిచి ఎత్తైన చోట పెట్టుకోవాలి. కడిగిన నేల మీద ఫినాయిల్ పోయకూడదు. అందులోని ఫినాల్ పిల్లికి విషం, పాదాలు నాకినప్పుడు లోపలికి పోతుంది. సబ్బునీరు చాలు.

ఇక చేయవలసినవి. పిల్లిని ఎత్తుకొని తూకపు యంత్రం మీద నిలబడి, తరువాత ఒక్కరే నిలబడి, తేడా రాసుకోవాలి. నెలకొకసారి ఇలా చేస్తే చిక్కిపోవడం ముందే తెలుస్తుంది. ఎంత నీరు తాగింది, ఎంత తిన్నది, ఎక్కడ మూత్రం పోసింది, ఏ వేళ అరిచింది అనేవి వారం రోజులు ఒక కాగితం మీద రాయాలి. ఆ పని ఇంట్లో పిల్లలకు అప్పగించవచ్చు. అరుపును ఫోనులో రికార్డు చేసి చూపితే వైద్యునికి సగం పని తగ్గుతుంది.

కాని కొన్నింటికి వారం ఆగకూడదు. మగపిల్లి మాటిమాటికీ తొట్టెలో కూర్చుని ముక్కుతూ, మూత్రం చుక్క కూడా రాకపోతే దారి మూసుకుపోయిందన్నమాట. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది, ఆ గంటలోనే బయలుదేరాలి. ఒక పూర్తి రోజు ఏమీ తినకపోయినా, చూపు పోయినట్లు తోచినా, నోరు తెరిచి రొప్పుతున్నా అదే మాట.

ఇంట్లో ఉన్న మాత్ర వేయడం ఎంతమాత్రం తగదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లి పాలిట విషం. దాన్ని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు. నొప్పికి మందు వైద్యుడే ఇవ్వాలి.

బయట తిరిగే పిల్లి, టీకా లేని పిల్లి ఉన్నట్టుండి మీదపడి కరిస్తే మరో జాగ్రత్త ఉంది. అది రేబిస్ కావచ్చు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపు, సున్నం పూసి ఊరుకోవడం ప్రాణాంతకం. మనం పిల్లికి టీకా వేయిస్తే దానికీ రక్షణ, ఇంటి పిల్లలకూ రక్షణ.

ఖర్చు మాట ఎలాగూ వస్తుంది. పశువుల ఆసుపత్రి అంటే గేదెలకూ గొర్రెలకూ మాత్రమే అనుకుంటారు. ప్రభుత్వ పశువైద్యశాలలో పిల్లినీ చూపవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, వాటి ఆసుపత్రులలో పరీక్షలూ చేస్తారు. అన్ని పరీక్షలకూ డబ్బు చాలకపోతే ఆ మాట దాచకుండా చెప్పి, ముందు ఏది తప్పనిసరో వైద్యునినే అడగాలి. అడగడం అవమానం కాదు.

కొన్ని మేళ్లకు డబ్బే అక్కరలేదు. అంచు తక్కువగా ఉన్న తొట్టె, లేదా పక్క కోసిన పాత ప్లాస్టిక్ డబ్బా కీళ్ల నొప్పి ఉన్న పిల్లికి చాలు. అది పడుకునే గదిలోనే ఇంకో తొట్టె పెట్టాలి. నీటి గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచాలి. చలికాలంలో పాత దుప్పటి పరచాలి. రాత్రి చిన్న దీపం వెలిగించి ఉంచితే చూపు తగ్గిన పిల్లి బెదరదు. మంచమూ బీరువా స్థానాలు మార్చకూడదు. అరిచినప్పుడు చీపురు చూపకూడదు, భయం తోడైతే జబ్బు పెరుగుతుంది గాని అరుపు తగ్గదు.

ఒకనాడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) కోసం కోడలు కబ్షా వుజూ నీళ్లు పోసి పెట్టింది. ఒక పిల్లి వచ్చి ఆ నీరు తాగబోయింది. ఆయన దానికి అందేలా పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు వింతగా చూస్తుంటే, పిల్లి నజీస్ కాదనీ, అది మీ చుట్టూ తిరిగేవాటిలో ఒకటనీ దైవప్రవక్త (స) చెప్పిన మాట వినిపించారు. మన చుట్టూ తిరిగి తిరిగి ముసలిదైన ప్రాణి ఇప్పుడు తిరగలేక అరుస్తోంది. ఈ రాత్రి అది అరిస్తే తిట్టడానికి లేవకండి. దీపం వేసి దాని కళ్లు చూడండి, నీటి గిన్నె చూడండి, వేలితో నిమిరి వీపు ఎముకలు ఎంత తేలాయో చూడండి. చూసినది రాసుకొని, తెల్లవారి ఫజ్ర్ నమాజు ముగించుకొని, దాన్ని బుట్టలో పెట్టుకొని పశువైద్యుని వద్దకు వెళ్లండి.