కొత్త షేరుకు ధర ఎవరు కట్టాలి?

కంపెనీకి డబ్బు అవసరమైనప్పుడు భాగస్థుల వాటాలు మారడం మామూలే. కొత్త షేరుకు ఏ ధర కట్టారన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. గుంటూరులో ఆడిటర్‌గా నేను చూసిన వాటాల తగాదాలు చాలావరకు అక్కడే మొదలయ్యాయి.

ఒక కారం మిల్లు సంగతి చెబుతాను, అంకెలు రౌండ్ చేసి. బావా బావమరదుల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అది. చెరో 50 వేల షేర్లు, ముఖవిలువ 10 రూపాయలు. నడుస్తున్న వ్యాపారంగా మిల్లు కోటి చేస్తుంది, అంటే షేరు అసలు విలువ 100. కొత్త మెషినరీకి 10 లక్షలు కావాల్సి వచ్చింది. లక్ష షేర్లు రైట్స్ ఇష్యూ కింద, అంటే పాత వాటాదారులకే ముందు ఇవ్వజూపే పద్ధతిలో, ముఖవిలువకే ఇచ్చారు. బావమరిది దగ్గర డబ్బు లేదు, మొత్తం బావే తీసుకున్నాడు. బావమరిది సగం వాటా పావుకు పడిపోయింది, 50 లక్షల ఆస్తి 27.5 లక్షలైంది. పైగా 75 శాతంతో ప్రత్యేక తీర్మానాలు బావ ఒక్కడే నెగ్గించుకోగలడు. అదే షేరు 100కి ఇచ్చి ఉంటే 10 వేల షేర్లతో పని జరిగేది. బావమరిది వాటా 45 శాతానికి తగ్గినా ఆస్తి 50 లక్షలే ఉండేది.

కంపెనీల చట్టం, 2013లోని 62వ సెక్షన్ కొత్త షేర్లను ముందు పాతవారికే, వాళ్ల వాటాల లెక్కన ఇవ్వజూపమంటుంది. రైట్స్ ఇష్యూలో ధరను మాత్రం కంపెనీకే వదిలేసింది. కాగితాలన్నీ సక్రమంగా ఉంటూనే మనిషి మునిగిపోతాడు. అన్యాయం జరిగిందని 241వ సెక్షన్ కింద కంపెనీ వివాదాల ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌టీకి వెళ్లొచ్చు, నిజమే. వాళ్లిద్దరూ అక్కడ వాయిదాలకు తిరుగుతుంటే మిర్చి సీజన్ ఆగుతుందా?

ధర బయటి రిజిస్టర్డ్ వాల్యుయరే కట్టాలని నేను పట్టుబడతాను. అది కుదరకపోతే డబ్బున్నవాడు కంపెనీకి వడ్డీకి అప్పివ్వాలి, వాటాలు కదలవు. రోజూ మిల్లులో నిలబడేవాడి కష్టానికి జీతం వేరే రాయాలి. తప్పుకునేవాడికి, చిన్న వాటాదారు కదా అని కోత వేయకుండా, మొత్తం విలువలో అతని వంతు ముట్టాలి. 1999లో ఓనీల్-ఫిలిప్స్ కేసులో బ్రిటన్‌ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ హాఫ్‌మన్ న్యాయమైన బేరానికి మామూలుగా ఇదే కొలత అన్నారు.

చాలా చిన్న కంపెనీలు తమ నియమావళి అయిన ఆర్టికల్స్‌ను నమూనా చూసి దించేస్తాయి. ఈ నాలుగు ముక్కలూ వాటిలో రాయించుకోవాల్సింది రిజిస్ట్రేషన్ నాడే, రేపు కొనేదెవరో అమ్ముకునేదెవరో ఇద్దరికీ తెలియనప్పుడే. ఇప్పటికే నడుస్తున్న కంపెనీలో ఆర్టికల్స్ మార్చాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. సగం సగం వాటాలైతే ఇద్దరూ ఒప్పుకుంటేనే అది నెగ్గుతుంది. కాబట్టి మాటలున్నప్పుడే మీ ఆడిటర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.