మూత్రంలో రక్తం.. ఏమరుపాటు వద్దు

* నొప్పి లేదని ఉపేక్షిస్తే మూత్రాశయానికే ముప్పు
* తొలిదశలో గుర్తిస్తే కోత లేకుండానే చికిత్స

రావులపాలెం: మూత్రం ఎర్రగా వస్తే 'వేడి చేసింది' అనుకోవడం కోనసీమ పల్లెల్లో తరతరాల అలవాటు. పెరట్లో బోండాలు దింపించి రెండు పూటలా తాగుతారు. బార్లీ నీళ్లు, మజ్జిగ సరేసరి. రెండు మూడు రోజులకు మూత్రం మామూలు రంగుకు వస్తుంది. తగ్గిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. మూత్రాశయ కేన్సర్ విషయంలో ఈ నమ్మకమే కొంప ముంచుతోంది. కణితి నుంచి కారే రక్తం దానంతటదే ఆగిపోయి, వారాలకో నెలలకో మళ్లీ కనిపిస్తుంది. ఆ మధ్యకాలంలో కణితి పెరుగుతూనే ఉంటుంది.

నొప్పి లేకపోవడమే చిక్కు: రాయి ఉంటే నడుము నొప్పి, ఇన్‌ఫెక్షన్ సోకితే మంట, జ్వరం రోగిని ఆసుపత్రికి నడిపిస్తాయి. కణితి తొలిదశలో చాలామందికి రక్తం పడటం తప్ప మరే బాధా ఉండదు. నొప్పి లేనిదానికి ఒకరోజు కూలి పోగొట్టుకోవడం ఎందుకని శ్రామికులు వాయిదా వేస్తారు. మహిళల్లో ఇన్‌ఫెక్షన్‌గా భావించి పదేపదే మాత్రలు వాడటంతో విలువైన కాలం గడిచిపోతుంది. మూత్రంలో రక్తం పడిన ప్రతివారికీ కేన్సర్ ఉండదు. అయితే కారణం తేలేవరకు విడిచిపెట్టరాదు.

పొగాకే ప్రధాన కారణం: గోదావరి లంకల పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. చుట్ట, బీడీ, సిగరెట్ పొగలోని విషపదార్థాలు రక్తంలో కలిసి, మూత్రపిండాల్లో వడపోతకు గురై, గంటల తరబడి మూత్రాశయంలో నిల్వ ఉంటాయి. ఈ కేన్సర్లలో సుమారు సగానికి పొగతాగడమే కారణమని అంచనా. మానేసి ఏళ్లు గడిచినా ముప్పు తగ్గుతుందే గాని పూర్తిగా తొలగదు. ప్రపంచవ్యాప్తంగా 2022లో సుమారు 6.14 లక్షల మందికి ఈ వ్యాధి సోకగా, 2.2 లక్షల మంది మరణించారు. బాధితుల్లో పురుషులే అధికం.

ఆలస్యం మూల్యం: వ్యాధి బయటపడేనాటికి నలుగురిలో సుమారు ముగ్గురికి కణితి లోపలి పొరకే పరిమితమై ఉంటుంది. మూత్రమార్గం గుండా గొట్టం పంపి, పైన కోత లేకుండా దానిని తొలగిస్తారు. అవసరమైతే పిల్లలకు క్షయ టీకాగా వేసే బీసీజీ మందునే వారానికోసారి, 6 వారాలపాటు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. కణితి తిరిగి వచ్చే స్వభావం కలది కనుక మొదట్లో 3 నెలలకోసారి పరీక్ష తప్పదు. కండరంలోకి పాకితే మాత్రం పలువురికి మూత్రాశయాన్నే తొలగించాల్సి వస్తుంది. పొట్టపై సంచి అమర్చుకుని జీవించే పరిస్థితి ఏర్పడుతుంది.

రోగే మేల్కోవాలి: ప్రభుత్వ సిబ్బంది ఇంటింటా చేపట్టే కేన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే పరిమితం. మూత్రాశయ కేన్సర్‌కు అటువంటి ముందస్తు పరీక్ష లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతున్న పథకంలో కేన్సర్ చికిత్సలు ఉన్నా, వ్యాధి గుర్తించాకే అవి అక్కరకొస్తాయి. ఒక్కసారి రక్తం కనిపించినా, ముఖ్యంగా 45 ఏళ్లు దాటినవారు, మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించుకుని మూత్రకోశ వైద్య నిపుణుని సంప్రదించాలి. బోండాం నీళ్లు దాహం తీరుస్తాయి, కణితిని కరిగించవు.