ఆ ‘జిల్లు’ ఎవరి సొత్తు?

చూయింగ్ గమ్ నములుతూ ఒక్కసారి గాలి పీలిస్తే నోరంతా జిల్లుమంటుంది. ఆ ‘జిల్లు’ కోసం అమెరికాలో రెండు దిగ్గజ కంపెనీలు ఎనిమిదేళ్లు కోర్టులో పోట్లాడుకున్నాయంటే నమ్ముతారా? ఒకటి రిగ్లీ, రెండోది క్యాడ్‌బరీ.

ఆ చల్లదనానికి మూలం పుదీనా జాతి మొక్కల్లో ఉండే మెంథాల్. అమృతాంజనం రాస్తే నుదురు చల్లబడినట్టు అనిపించేదీ దానివల్లే. నిజానికి అక్కడ వేడేమీ తగ్గదు. చలిని కనిపెట్టే నరాలను మెంథాల్ మాయ చేస్తుంది, అంతే! చిక్కల్లా మోతాదు పెరిగితే చేదెక్కుతుంది. చేదు లేని చల్లదనం కోసం 1970ల్లో వెతికిందెవరనుకున్నారు? గడ్డం గీసుకునే బ్లేడ్లు చేసే బ్రిటన్ కంపెనీ విల్కిన్సన్ స్వోర్డ్! వెయ్యికి పైగా రసాయనాలు తయారుచేసి పరీక్షించింది. వాటిలో పేరు తెచ్చుకున్నవే డబ్ల్యూఎస్-3, డబ్ల్యూఎస్-23. ముందున్న రెండక్షరాలూ ఆ కంపెనీ పేరులోవే.

మెంథాల్‌కు డబ్ల్యూఎస్-3 జోడించే పద్ధతిపై 1991 నాటి పేటెంటు క్యాడ్‌బరీ చేతికొచ్చింది. డబ్ల్యూఎస్-23 జోడించిన గమ్‌కు రిగ్లీ 2003లో మరో పేటెంటు పొందింది. మరుసటి ఏడాదే క్యాడ్‌బరీ మీద దావా వేసింది. క్యాడ్‌బరీ ఊరుకుంటుందా? ఎదురు దావా వేసింది.

పేటెంటుకు కొత్తదనం ఒక్కటే చాలదు. ఆ పని తెలిసినవాళ్లకు ఇట్టే తట్టే ఆలోచన కాకూడదు. పాయసంలో పంచదార బదులు బెల్లం వేసి ‘నేనే కనిపెట్టా’నంటే వంటింట్లో ఎవరూ ఒప్పుకోరుగా!

2012 జూన్‌లో పేటెంట్ల అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు అన్నదీ దాదాపు అదే. రెండూ తెలిసిన పదార్థాలే, ఒకదాని బదులు మరొకటి వాడొచ్చనీ తెలుసు. కలిపితే ఊహించని ఫలితం వచ్చిందన్న రుజువేదీ? పైగా అంతకుముందటి ఒక పేటెంటులో ఈ పేర్లన్నీ ఉన్నాయి. గమ్ బాగా అమ్ముడుపోయిందన్న వాదనా నిలవలేదు. అమ్మకాలకు కారణం ఆ మిశ్రమమేనని తేలాలి కదా! రిగ్లీ పేటెంటు చెల్లలేదు.

మరి క్యాడ్‌బరీ గెలిచిందా? అదీ లేదు. వేరే పదార్థాలున్నాయని తెలిసీ తన పేటెంటును డబ్ల్యూఎస్-3 రకానికే పరిమితం చేసుకుంది. ఇప్పుడు దాన్ని 23 దాకా సాగదీస్తానంటే కుదరదంది కోర్టు.

ముగ్గురు జడ్జీల్లో ఒకరైన పాలీన్ న్యూమన్ మాత్రం రిగ్లీ పేటెంటు కొట్టేయడాన్ని ఒప్పుకోలేదు. పాత పేటెంటులో ఉన్నవి పొడవాటి జాబితాలు. మిశ్రమం కళ్లముందుకొచ్చాక వాటిలోంచి సరిగ్గా ఆ పేర్లే ఏరి చూపడం తేలికే. కొట్టిపారేయదగ్గ మాట కాదిది. కానీ ఆమెది ఒక్క ఓటే.