పెన్సిలు ఎవరి చేతిలో ఉంది?

నవ్వుకి కులం లేదంటారు. ఈ మాట అనేవాళ్ళని మూడే మూడు ప్రశ్నలు అడగాల. ఎవర్ని చూసి నవ్వారు? నవ్వినోళ్ళు ఎవరు? నవ్వించడానికి బొమ్మ గీసినోళ్ళు ఎవరు? వీటికి జవాబు చెప్పాక కూడా నవ్వుకి కులం లేదంటే అప్పుడు ఒప్పుకుందాం.

రచ్చబండ మీద కూర్చుని మన తిండిని, మన యాసని, మన పేర్లని ఎగతాళి చేసిన నవ్వే సినిమాలో కామెడీ అయ్యింది, పేపర్లో కార్టూన్ అయ్యింది. రచ్చబండ మీద నవ్వితే మనోళ్ళు ఎదురు తిరిగారు. దెబ్బలు తిన్నారు, కేసులు మోశారు. అదే నవ్వు అచ్చులో వస్తే మాత్రం "సరదాకేలే" అని మనమే పేజీ తిప్పేస్తున్నాం.

పేజీ తిప్పకుండా ఆగి చూసిన మనిషి ఒకాయన ఉన్నాడు. మన తెలుగాయనే, విజయవాడలో పెరిగిన ఉన్నమతి శ్యామసుందర్. ఆయన స్వయానా కార్టూనిస్టు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో బాబాసాహెబ్ అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లని వందకు పైగా వెతికి తీసి 2019లో పుస్తకం చేశాడు. దాని పేరు 'నో లాఫింగ్ మేటర్', అంటే ఇది నవ్వులాట కాదని. అందులో పెద్ద పేరున్న కార్టూనిస్టులే ఉన్నారు. ఆ బొమ్మలు ఒక్కొక్కటీ చూస్తే నవ్వొస్తుంది. వరసపెట్టి చూస్తే నవ్వు ఆగిపోతుంది. దేశంలో అంత చదువుకున్న మనిషిని పక్కనున్న నాయకుల కంటే చిన్నగా గీసుకుంటూ పోయారు. ఒకసారి అయితే పొరపాటు అనుకోవచ్చు. పాతికేళ్ళు అదే వరస అయితే దానికి పేరు వేరే ఉంది.

అందులో అందరికీ తెలిసింది నత్త కార్టూన్. 1949 ఆగస్టు 28న శంకర్ గీశాడు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కూర్చుని ఉంటాడు, చేతిలో కొరడా. వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటాడు. చుట్టూ జనం చూస్తుంటారు. రాజ్యాంగం నత్తనడక నడుస్తోందని దాని భావం.

నిజంగా ఆలస్యం చేసింది ఎవరు? ముసాయిదా కమిటీలో సభ్యులు ఏడుగురు. ఒకాయన రాజీనామా చేస్తే ఇంకొకర్ని వేశారు. ఒకాయన చనిపోతే ఆ ఖాళీ నింపలేదు. ఒకాయన అమెరికాలో ఉండిపోయాడు. ఇంకొకాయన సంస్థానం పనుల్లో మునిగాడు. ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉండి, ఆరోగ్యం బాగోక రాలేదు. చివరికి బరువంతా అంబేద్కర్ మీదే పడింది. ఈ మాట అన్నది మనవాడు కాదు. సాటి సభ్యుడు టి.టి. కృష్ణమాచారి 1948 నవంబర్ 5న నిండు సభలో చెప్పాడు. 1949 నవంబర్ 25న అంబేద్కర్ కూడా ఆలస్యం అన్న నిందకి లెక్కలతో జవాబిచ్చాడు. వచ్చిన సవరణలు 7,635, సభలో ప్రవేశపెట్టినవి 2,473. అధికరణాలు 395. ఇన్నిటిని మూడేళ్ళ లోపే దాటించారు.

ఆ రెండు ఉపన్యాసాలూ రికార్డులో భద్రంగా ఉన్నాయి. చదివినోళ్ళు ఎంతమంది? నత్త బొమ్మ మాత్రం దేశమంతా తిరిగింది. మాట నడిచి వస్తుంది, బొమ్మ ఎగిరి వస్తుంది. అక్షరం రానోడి దగ్గరికి కూడా బొమ్మ ముందే చేరుతుంది. అందుకే దీన్ని చిన్న సంగతి అనుకోకూడదు అంటున్నా.

నెహ్రూ కొరడా నత్త మీదికేగానీ అంబేద్కర్ మీదికి కాదని మేధావులు వివరించారు. కావొచ్చు. కానీ జీతగాడిగా బతికిన తండ్రి ఉన్న పిల్లవాడికి, ఎత్తిన కొరడా కిందున్న మనవాడు కనిపిస్తే, అది ఎవరి మీద పడుతుందో ఒకరు వివరించక్కర్లేదు. బొమ్మని కళ్ళతోనే చూడం, తాతల వీపుతో కూడా చూస్తాం.

ఈ కార్టూన్ని 2006లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వాళ్ళు పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో వేశారు. 2012 మే 11న పార్లమెంటు అట్టుడికింది, ప్రభుత్వం తీసేస్తామంది. పుస్తకం సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. మర్నాడు పుణె విశ్వవిద్యాలయంలో పల్షీకర్ గది మీద దాడి జరిగింది. ఆ తర్వాత వేసిన థోరట్ కమిటీ రాజకీయ నాయకుల మీద ఉన్న వేరే కార్టూన్లు కూడా తీసెయ్యమంది.

మన కోపం న్యాయమైందే. కానీ జరిగింది చూడండి. మన కోపం బండెక్కి నాయకులు తమ పని కానిచ్చుకున్నారు. వాళ్ళని వెక్కిరించే బొమ్మలకీ ఎసరొచ్చింది. పోనీ, ఆ నత్త పోయిన చోట మనం గీసిన బొమ్మ ఒకటి వచ్చిందా? రాలేదు. ఒక బొమ్మ చెరిపేసినంత మాత్రాన పెన్సిలు చెయ్యి మారదు. గదిలో కుర్చీలు విరగ్గొడితే అసలే మారదు. పుస్తకం కోసం కడుపు మాడ్చుకున్న మనిషి పేరు మీద ఆ పని చెయ్యడం ఆయనకి గౌరవం కాదు.

శ్యామసుందర్ జె.ఎన్.యూ.లో పరిశోధనకి తీసుకున్నది చందమామ బొమ్మల్ని. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. 2013లో ఆగిపోయింది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య లాంటివాళ్ళ పనితనానికి వంక పెట్టలేం. మన ఇళ్ళలో పిల్లలు కూడా అద్దెకి తెచ్చుకుని, అడుక్కుని చదివారు. కానీ రాజు మొహం మనకి తెలుసు, మంత్రి మొహం తెలుసు, షావుకారు బొజ్జ తెలుసు. కోటకి రాళ్ళు మోసినోడి మొహం తెలుసా? విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే బొమ్మ ఎన్నేళ్ళు చూశాం! ఆ శ్మశానానికి కాపలా ఎవరు? కాటికాపరి ఎక్కడికి పోయాడు? భేతాళుడు అన్ని చిక్కు ప్రశ్నలు వేశాడుగానీ ఆ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అమర చిత్రకథలు 1967లో మొదలైతే అంబేద్కర్ బొమ్మల కథ రావడానికి 1979 దాకా పట్టింది. వెక్కిరించి గీయడం ఒక దెబ్బ. అసలు గీయకపోవడం ఇంకో దెబ్బ.

దీని ఫలితం బడిలో కనిపిస్తుంది. రాజు బొమ్మ వెయ్యమంటే పిల్లలు చిటికెలో వేస్తారు. అమ్మ బొమ్మ వెయ్యమంటే పట్టుచీర కట్టి, నగలు పెట్టి, తెల్లటి అమ్మని వేస్తారు. నాట్లేసి బురదకాళ్ళతో ఇంటికొచ్చే అమ్మని కాగితం మీద పెట్టొచ్చని వాళ్ళకి ఎవరూ చూపించలేదు.

చూపించినవాళ్ళు లేకపోలేదు. 2011లో వచ్చిన 'భీమాయన' అంబేద్కర్ జీవితం మీద బొమ్మల పుస్తకం. బొమ్మలు వేసింది మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు దంపతులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. వాళ్ళు గళ్ళు గీసి మనుషుల్ని అందులో బంధించలేదు. మెత్తటి మాటల బుడగని పిట్ట ఆకారంలో వేశారు. కులం విషం కక్కే మాటకి తేలు కొండి పెట్టారు. చదువురాని మా అవ్వకి ఆ తేలుని చూపిస్తే మాట ఎలాంటిదో ఇట్టే చెబుతుంది.

అమెరికాలో నల్లవాళ్ళదీ ఇదే పోరాటం. చందమామ పుట్టిన 1947లోనే ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి విలేఖరి 'ఆల్ నీగ్రో కామిక్స్' తెచ్చాడు. రాసింది, గీసింది అంతా నల్లవాళ్ళే. రెండో సంచికకి ఆయనకి కాగితం అమ్మేవాళ్ళే లేకపోయారు. అయినా దారి మూసుకుపోలేదు. మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ గురించి 1957లో 16 పేజీల కామిక్ పుస్తకం వచ్చింది, వెల 10 సెంట్లు. దాన్ని చదివి కదిలిన కుర్రాడు జాన్ లూయిస్ తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. 2013 నుంచి తన ఉద్యమ జీవితాన్ని కూడా మూడు భాగాల బొమ్మల కథగా తెచ్చాడు. పదహారు పేజీలంటే మన కరపత్రమంత!

మరి మనం ఏం చెయ్యాల? సాయంత్రం పాఠశాలలో వారానికో కార్టూన్ కత్తిరించి మధ్యలో పెట్టండి. పెద్దగా ఉన్నది ఎవరు, చిన్నగా ఉన్నది ఎవరు, కర్ర ఎవరి చేతిలో ఉంది, ఎవరు కనిపించడం లేదు అని అడగండి. కమ్యూనిటీ హాలు గోడకి సున్నం కొట్టి, బొగ్గుముక్క పిల్లల చేతికివ్వండి. హాస్టల్ పిల్లలు గీసినవాటికి ఈ పత్రికలో ప్రతి సంచికకీ ఒక పేజీ వదలాలని సంపాదకుల్ని అడుగుతున్నా. నవ్వించడం మనకి కొత్త విద్య కాదు. ఊరూరా తిరిగే పిట్టలదొర, లేని ఆస్తులు చెప్పుకుంటూ దొరతనాన్నే నడివీధిలో నవ్వులపాలు చేసినవాడు కాదా?

ఒక్క హెచ్చరిక, మిత్రులారా. పెన్సిలు మన చేతికొచ్చాక మన నవ్వు ఎవరి మీద పడుతుందో కూడా చూసుకోవాల. మన బొమ్మలో గయ్యాళి అంటే ఆడమనిషి, మురికి అంటే రెల్లి మనిషి, అడుక్కునేవాడు అంటే డక్కలి మనిషి అయితే, శంకర్ కొరడా మన చేతికి వచ్చినట్టే లెక్క. నవ్వు పైకి పోవాలగానీ కిందికి జారకూడదు. గద్దె మీదున్నోడు ఉలిక్కిపడాల, గుడిసెలో ఉన్నోడు తలెత్తాల. అలాంటి గీత గీసే పిల్ల మీ వాడలోనే ఉంది. ఆ పిల్లకి ఈ పూటే ఒక పెన్సిలు కొనివ్వండి.

జై భీమ్!