మన మాట మనమే చెప్పుకుందాం

గుంటూరు జిల్లాలో మేము వెళ్ళిన ఒక పల్లెలో, మిర్చి కల్లం పక్కన కూర్చుని డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు ఫోనులో ఏదో రాస్తూ కనిపించింది. తాలు కాయను మేలు కాయ నుంచి ఎలా ఏరాలో, మబ్బు పట్టిన రోజున కల్లాన్ని ఎలా కాపాడుకోవాలో తన దాదీమా చెప్పిన సంగతులు అవి. మాకు చదివి వినిపించింది. ఎంతో చక్కగా ఉన్నాయి. కాని మరుక్షణమే వాటిని చెరిపివేసింది. కారణం అడిగితే, "నా తెలుగు చూసి నవ్వుతారండీ" అన్నది. ఆ తర్వాత కొద్దిసేపటికే, ఎవరో పంపిన సందేశాన్ని, అది నిజమో కాదో చూడకుండానే, బంధువులందరికీ పంపింది.

ఈ తీరు ఆ ఒక్క అమ్మాయిది కాదు. మన ఇళ్ళలో చాలామందిది. పరుల మాటను మోయడానికి మనకు సంకోచం లేదు. మన మాట చెప్పడానికే సంకోచం! ఇంట్లో ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవారు తమది మంచి తెలుగు కాదని వెనుకాడతారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలవారు తమకు ఉర్దూ రాదని మరోచోట తలదించుకుంటారు. ఇరువురూ మౌనంగా ఉండిపోతే, మన జీవితాన్ని గురించి తెలియనివారే దానిని లోకానికి వర్ణిస్తారు. ఆ వర్ణన తప్పుగా ఉన్నదని తర్వాత బాధపడి ప్రయోజనమేమిటి?

ఈ నేల మీదనే పుట్టిన ఒకరిని ఇక్కడ తలచుకోవాలి. బుర్రకథ పితామహుడుగా పేరొందిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. దూదిని ఏకి బ్రతికిన ఆ వర్గంవారిని 'పింజారి' అని చులకనగా పిలిచేవారూ ఉండేవారు. అదే పేరును ఆయన తన జీవిత కథకు శీర్షిక చేసుకున్నారు. పల్నాటి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజు గాథను, బెంగాల్ కరువును ఊరూరా తెలుగులో వినిపించారు. సినిమా అనే కొత్త సాధనం రాగా, 1954లో 'అగ్గిరాముడు' చిత్రంలోనూ తన కథను చెప్పారు. 1986లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. అలాగే ఒంగోలు సమీపంలోని త్రోవగుంటకు చెందిన రచయిత సలీం 'కాలుతున్న పూలతోట' నవలకు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మన ఇళ్ళ తెలుగు తెలుగు కాదని ఇక ఎవరనగలరు?

బుర్రకథలో గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. కథకుడు ఎన్నడూ ఒంటరిగా నిలబడడు. ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం పలికిస్తారు, మరొకరు వర్తమాన సంగతులను జోడిస్తారు. కథకుడు ఊపిరి తీసుకునే వేళ వారి వంతపాట కథను నిలబెడుతుంది. దివ్యఖుర్ఆన్‌లోని తాహా సూరా కూడా ఈ అవసరాన్నే గుర్తుచేస్తుంది. ఫిరౌను ఎదుటికి వెళ్ళమన్న ఆజ్ఞ వచ్చినప్పుడు మూసా (అలైహిస్సలాం) తన హృదయాన్ని విశాలం చేయమని, నాలుక ముడి విప్పమని ప్రభువును వేడుకున్నారు. తన సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మని కూడా కోరారు. ప్రవక్త అంతటివారే సంకోచాన్ని దాచుకోలేదు, తోడు అడగడానికి సిగ్గుపడలేదు.

కనుక ధైర్యం వచ్చాక రాద్దామని ఎదురుచూడకండి. రాస్తూ ఉంటేనే అది వస్తుంది. మొదట మీ చేతికి, కంటికి తెలిసిన విషయాన్నే ఎన్నుకోండి. పత్తి తీసే కూలీ దినచర్య, పరుపు కుట్టే నానా పనితనం, రంజాన్ నెలలో మీ వీధి సాయంత్రం: వీటిని మీకంటే బాగా ఎరిగినవారు ఎవరు? ఐదారు వాక్యాలు చాలు. రాసినదాన్ని ఒకసారి పైకి చదివి, ముందుగా అక్కకో, స్నేహితురాలికో చూపండి. అక్షర దోషాలు దిద్దుకోవచ్చు. కాని తెలియని విషయాన్ని తెలిసినట్లు రాస్తే అది దోషం మాత్రమే కాదు, అబద్ధం. ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఇతరుల ఫోటోలు మాత్రం బయట పెట్టవద్దు. సలహా ఇచ్చినవారి మాట వినండి. కేవలం ఎగతాళి చేసేవారికి జవాబు బాకీ లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు ఫోను పట్టుకోగానే కసరుకోవడమే మన అలవాటైపోయింది. ఏం చూస్తున్నావని అడిగే మనం, ఏం రాశావని ఎన్నడైనా అడిగామా? రాత్రి భోజనాల వేళ వారు రాసినది చదివించుకుని వినండి. తప్పులు ఎంచడానికి ముందు, "ఆ తర్వాత ఏమైంది బేటా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నే వారికి వంతపాట.

కల్లం పక్కన కనిపించిన ఆ అమ్మాయికి మేము చెప్పి వచ్చినదీ ఇదే. దాదీమా మాటలు ఆమె ఫోనులో చెరిగిపోయాయి గాని, దాదీమా ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. మళ్ళీ అడిగి, మళ్ళీ రాయడానికి ఇంకా వ్యవధి ఉన్నది. మన ఇళ్ళలో అటువంటి పెద్దలు ఎందరో ఉన్నారు. వారు ఎల్లకాలం ఉండరు.