చేతితో చేసిన మాట

గలతీయులకు వ్రాసిన పత్రిక 5:20లో మనం "అభిచారము" అని చదువుకునే చోట, స్పానిష్ బైబిలు చదివేవారికి "ఎచిసెరీయాస్" అనే మాట కనబడుతుంది. మంత్రప్రయోగాన్ని వారు "ఎచీసో" అంటారు. ఈ నెల ఆ మాట పుట్టుకను తెలిసికొందాము.

లాటిన్ భాషలో "ఫాకెరె" అంటే చేయుట. దానినుండి వచ్చిన "ఫాక్టీసియుస్" అనే మాటకు, సహజంగా కలుగక మనిషి చేసినది అని అర్థం. స్పెయిన్‌లో కాలక్రమేణా అనేక మాటల మొదటనున్న ఫకారం హకారమై, చివరకు పలకడమే మానేశారు. పిండికి లాటిన్‌లో "ఫరీనా", స్పానిష్‌లో "అరీనా". ఆలాగే ఫాక్టీసియుస్ ఎచీసోగా మారింది. పొరుగున పోర్చుగల్‌లో ఫకారం నిలిచి, అదే మాట "ఫెయితీసు" అయింది. ఇంగ్లీషులోని "ఫెటిష్" దాని సంతానమే.

మన "చేతబడి"లోనూ "చేత" ఉన్నది గదా! భయపెట్టే ఈ మాటల అడుగున ఉన్నది మనిషి చేసిన పని మాత్రమే.

ఇందుకు స్పెయిన్ చరిత్రే సాక్ష్యం. 1610 నవంబరులో లొగ్రోన్యో పట్టణంలో మతవిచారణ సభవారు, మంత్రగత్తెలూ మాంత్రికులూ అనే నేరం మోపి ఆరుగురిని సజీవంగా కాల్చివేశారు. ఆ సభలోని న్యాయాధిపతి ఆలోన్సో దె సలజార్‌కు సందేహం కలిగింది. 1611లో ఆయన గ్రామాలకు వెళ్లి వందలాది మందిని విచారించాడు. మంత్రపు లేపనాలని తెచ్చిచ్చినవాటిని పరీక్ష చేయించాడు. వాటిలో ఏ మంత్రమూ కనబడలేదు. నేరం ఒప్పుకున్నవారిలో అనేకులు చిన్నపిల్లలు. ఈ సంగతిని గూర్చి జనం మాట్లాడుకోవడం మొదలైన తరువాతే మంత్రగత్తెలు పుట్టుకొచ్చారని ఆయన తేల్చాడు. 1614లో ఆ సభ అట్టి కేసులకు కఠినమైన నియమాలు పెట్టి, దాదాపుగా ఆ మంటలు ఆర్పింది.

మన పల్లెల్లోనూ బిడ్డకు జ్వరం వస్తే, గేదె పాలివ్వకపోతే, ఒంటరిగా ఉన్న ఒక ముసలమ్మ వైపు వేలు చూపడం ఉన్నది. ఆ అనుమానం ప్రాణాలు తీసిన సంగతులూ వింటున్నాము. జ్వరానికి ఆసుపత్రి ఉన్నది, గేదెకు పశువుల డాక్టరు ఉన్నాడు. ఆ ముసలమ్మకు ఎవరున్నారు? పొరుగువారమైన మనమే. ఆ మాట మన నోట పుట్టకుండా చూచుకొందాము; ఎవరైనా అంటే, "నీవు చూచావా?" అని సలజార్ వలె అడుగుదాము.