కనుమదారి చెప్పే పాఠం

కొండకూ కొండకూ నడుమ మనిషికి దారి ఇచ్చే చోటును మనవారు కనుమ అన్నారు. కొండల మధ్య నది పారే పల్లపు నేల లోయ. ఈ రెండు మాటల అర్థం మన విద్యార్థులలో ఎవరిని అడిగినా తడుముకోకుండా చెబుతారు. కాని ఒక కనుమకు ఇవతల పారే నీరు ఏ నదిని చేరుతుంది, అవతల పారే నీరు ఏ నదిని చేరుతుంది, ఆ రెండూ మళ్ళీ ఎక్కడైనా కలుస్తవా అని అడిగితే మాత్రం పటం వెతుక్కుంటారు. పటంలో అన్నీ ఉన్నవి. అయినా పటం చూచినంత మాత్రాన ఎత్తు తెలియదు. ఎత్తు తెలియాలంటే ఎక్కవలె.

ఈ సంగతిని నాకు కొత్తగా బోధపరచినవాడు నా పూర్వవిద్యార్థి ఒకడు. ఇప్పుడొక ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. నిరుడు సెప్టెంబరులో సెలవుపెట్టి, ముగ్గురు మిత్రులతో కలిసి మనాలి నుండి లేహ్ వరకు సైకిలు మీద వెళ్ళివచ్చాడు. వచ్చిన వారానికి మా ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుని, నా చేతికర్రతో నేలమీద గీతలు గీస్తూ రెండు గంటలసేపు ఆ దారి వర్ణించాడు. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెప్పినవాణ్ణి ఆ సాయంకాలం విద్యార్థినై విన్నాను.

మనాలి సముద్రమట్టానికి సుమారు 2050 మీటర్ల ఎత్తున, బియాస్ నది ఒడ్డున ఉన్నది. ఋగ్వేదంలో విపాశ అని పేరుగన్న నది ఇదే. అక్కడి నుండి 51 కిలోమీటర్లు ఎక్కితే 3978 మీటర్ల ఎత్తున రోహ్‌తాంగ్ కనుమ వస్తుంది. సైకిలు తొక్కేవాడు ఈ ఎత్తునంతా తన పిక్కలతో కొలుచుకుంటాడు. దేవదారు చెట్లు ఎక్కడ ఆగిపోయినవో, గడ్డినేల ఎక్కడ మొదలైనదో, గాలి ఎక్కడ పలచబడినదో అతనికి విడివిడిగా తెలుస్తుంది. కనుమ దాటగానే పచ్చదనం సన్నగిల్లి నేల రాతిరంగు తేలుతుంది. వానమబ్బును కొండ ఇవతలనే నిలిపివేసినదన్న మాట. భూగోళపుస్తకం ‘వర్షచ్ఛాయా ప్రాంతం’ అని ఒక్క పంక్తిలో చెప్పి ఊరుకున్నది అతనికి ఒక పగటి అనుభవమైనది.

కనుమకు ఆవల దిగువన పారే నది చంద్ర. దాని వెంట తండీ అనే ఊరిదాకా దిగితే అక్కడ భాగ అనే మరో నది వచ్చి కలుస్తుంది. రెండూ కలిసి చంద్రభాగ అవుతవి, అదే చీనాబు. అక్కడి నుండి దారి భాగానది వెంట ఎగువకు మళ్ళి, కీలాంగ్ మీదుగా సుమారు 4890 మీటర్ల ఎత్తున ఉన్న బారాలాచా కనుమను చేరుతుంది. చిత్రమేమంటే, చంద్ర, భాగ రెండూ ఆ కనుమ పరిసరాలలోనే పుట్టి, చెరొక దిక్కుకు వెళ్ళి, కొండను చుట్టివచ్చి తండీ దగ్గర కలుసుకుంటవి. చంద్రుని కూతురూ సూర్యుని కొడుకూ ప్రేమించి, విడిపోయి, తిరిగి కలిశారని అక్కడివారు కథ చెప్పుకుంటారు. ఒక నది వెంట దిగి, మరొక నది వెంట ఎక్కి, రెంటి పుట్టిల్లూ ఒకటేనని కండ్లారా చూచినవానికి ఆ కథ ఎందుకు పుట్టినదో వేరే చెప్పనక్కరలేదు. ఆపైన 21 మెలికల గాటా మలుపులు, లాచులుంగ్ కనుమ, చివరకు 5328 మీటర్ల తంగ్లాంగ్ కనుమ. అక్కడ గాలి పీడనం సముద్రతీరాన ఉన్నదానిలో ఇంచుమించు సగమే. అది దిగితే ఉప్షీ వద్ద సింధునది ఎదురవుతుంది.

ఇంతవరకు చెప్పి అతడు నవ్వుతూ ఒక ముచ్చట చెప్పాడు. రోహ్‌తాంగ్ ఎక్కే రోజున మిత్రులలో ఇద్దరికి జలుబూ జ్వరమూ వచ్చినవట. వారు సైకిళ్ళను ఒక బండిలో వేసుకుని సొరంగం గుండా వెళ్ళారు. పావుగంటలో అవతల తేలి, సిస్సూ అనే ఊళ్ళో మకాం వేశారు. మావాడు మరొకనితో కలిసి కనుమ ఎక్కి, కోక్‌సర్ మీదుగా దిగి, చీకటిపడే వేళకు వారిని చేరాడు.

“మాస్టారూ! వాళ్ళు వాకిట్లో నుంచుని నది చూపించి, ‘చూశావా, బియాస్ ఇంకా మనతోనే వస్తున్నది’ అన్నారండీ!” అన్నాడు.

నవ్వుకున్నాము గాని, ఆ మాట నన్ను చాలాసేపు విడువలేదు. వారు అజ్ఞానులు కారు, చదువుకున్నవారు. చీకటిలో ఒక నదీక్షేత్రం నుండి మరొక నదీక్షేత్రానికి వచ్చిపడ్డారు. నడుమ ఒక పర్వతం ఉన్నదని వారికి తెలియజెప్పేది ఏదీ లేకపోయినది.

సొరంగాన్ని నిందించటం నా ఉద్దేశం కాదు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన ఈ అటల్ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. దానివల్ల దారి 46 కిలోమీటర్లు తగ్గినది. అంతకుముందు శీతకాలంలో మంచు పడితే లాహౌల్ ప్రజలకు నెలల తరబడి రోడ్డు దారి ఉండేది కాదు. రోహ్‌తాంగ్ అన్న పేరుకే శవాలరాశి అని అర్థం చెబుతారు. ప్రసవవేదన పడే తల్లికీ, ప్రాణాపాయంలో ఉన్న రోగికీ సొరంగం దేవుడిచ్చిన దారి. వారి ముందు నిలబడి కనుమ అందాన్ని గురించి ఉపన్యసించటం మనిషి చేయవలసిన పని కాదు.

నేననేది ఒక్కటే. కొత్తదారి వచ్చినదని పాతదారిని చావనీయరాదు. రాకపోకలు తగ్గిన రోడ్డుకు మరమ్మతు తగ్గటం లోకసహజం. రెండు శీతకాలాలు పట్టించుకోకపోతే కొండచరియ దానిని మింగివేస్తుంది. జోజిలా కనుమ క్రింద సొరంగం పని 2020లో మొదలైనది. షింకులా క్రింద 2024లో. అవి రావలసినవే. వాటి ప్రణాళికలలోనే పైదారి సంరక్షణకు కూడా నాలుగు రూపాయలు కేటాయించవలె.

ఇది కవుల కోరిక అని కొట్టివేయటానికి వీలులేదు. స్విట్జర్లండులో గొట్‌హార్డ్ అనే కనుమ ఉన్నది. ఎత్తు 2106 మీటర్లు. దాని ఉత్తరాన పారే రాయిస్ నీరు రైన్ నదిని చేరి ఉత్తరసముద్రానికి పోతుంది. దక్షిణాన తిచీనో నీరు పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతుంది. ఆ కొండక్రింద 1882లో రైలు సొరంగం, 1980లో రోడ్డు సొరంగం, 2016లో 57 కిలోమీటర్ల మరో రైలు సొరంగం వచ్చినవి. అయినా దక్షిణపు వాలున రాళ్ళు పరచిన ట్రెమోలా అనే పాతదారిని, దాని 24 మలుపులతో సహా, వారు భద్రంగా నిలుపుకున్నారు. ఈనాడు ఆ రాళ్ళమీద సైకిళ్ళు ఎక్కుతున్నవి. 2001 అక్టోబరులో రోడ్డు సొరంగంలో లారీలు ఢీకొని మంటలు చెలరేగి 11 మంది మరణించారు. సుమారు రెండు నెలలు సొరంగం మూతబడినది. ఒక దారి మూసుకున్ననాడు రెండవ దారి విలువ ఎవరికైనా తెలుస్తుంది.

నలుగురు సైకిలువాళ్ళ కోసం ఇంత శ్రమా అని అడిగేవారుంటారు. మందలు తోలుకుని వేసవిలో కనుమలు దాటే గద్దీ గొర్రెల కాపరులు ఉన్నారు. వారితోపాటు మన పిల్లలు కూడా ఉన్నారని నా జవాబు. పరీక్షకు ముందు గైడు చదివి కావ్యం చదివినట్లే భావించే విద్యార్థులను నేను ప్రతి సంవత్సరం చూస్తున్నాను. కథ తెలుసు, పాత్రల పేర్లు తెలుసు, మార్కులూ వస్తవి. పద్యం దగ్గర ఆగి, అన్వయం కుదరక అవస్థపడి, కుదిరినప్పుడు కలిగే ఆనందం మాత్రం వారికి దక్కలేదు. సొరంగం గుండా పోయి చంద్రను బియాస్ అనుకున్నవారి స్థితి కూడా ఇదే.

అందరూ హిమాలయాలకు పోనక్కరలేదు. మన అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని బొర్రా గుహల గుండా వచ్చి భీమునిపట్నం వద్ద నేరుగా సముద్రంలో కలుస్తుంది. ఆ తూర్పు కనుమలలోనే మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ పడమరకు తిరిగి, సీలేరు అన్న పేరుతో శబరిలో కలిసి, గోదావరిని చేరి, ఎంతో చుట్టు తిరిగి అదే సముద్రానికి వస్తుంది. రోహ్‌తాంగుకు ఇరువైపులా విడిపోయిన నీరు కూడా అంతే. బియాస్ సట్లెజ్‌లో కలుస్తుంది. సట్లెజ్, చీనాబు కలిసి పంజ్‌నద్ అవుతవి. అది సింధువును చేరుతుంది. ఉప్షీ దగ్గర మావాడు చూచిన సింధువే అది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. కొండ లేని ఊరుండవచ్చు గాని, మెరక, పల్లం లేని ఊరుండదు. నీరు పల్లమెరుగునన్న సామెతను పిల్లలచేత వల్లెవేయించే బదులు, ఒక ఆదివారం వారిని సైకిళ్ళమీద వెంటబెట్టుకుని ఊరి మెరక దాటించండి. తొక్కటం బరువైన చోట ఆగి, ఇక్కడ పడిన వాన ఎటు పోతుందో అడగండి.

మావాడు ఈ పని మొదలుపెట్టాడు. మొదటి ఆదివారమే ఒక బాలిక రోడ్డుక్రింది తూము చూపి, ఈ నీరు చివరకు ఏ ఏటిలో కలుస్తుందని అడిగినదట. హిమాలయ నదుల వంశవృక్షం చెప్పగలవాడు సొంత ఊరి తూముకు జవాబు చెప్పలేకపోయాడు. వచ్చే ఆదివారం ఆ కాలువ వెంట అందరూ కలిసి వెళుతున్నారు. నన్నూ రమ్మన్నాడు. మూలన పడి ఉన్న నా సైకిలుకు గాలి కొట్టించవలె.